పట్టా కడుపులో పగులు

2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్టను దెబ్బతీసినప్పుడు బండ్లు ఆగిపోయాయి. అది కంటికి కనబడిన దెబ్బ. ఉక్కు లోపల ముదిరే పగులు అలా కనబడదు. పోతపోసినప్పుడు చిక్కుకున్న మలినం దగ్గర పుట్టి, పైన దొర్లే ప్రతి చక్రానికీ కాస్తంత సాగుతుంది.

దాన్ని వినడానికి చాలాకాలం సుత్తే దిక్కు. మనిషి చెవికందని ధ్వనిని పుట్టించే కిటుకు మాత్రం 1880లోనే దొరికింది: కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు గమనించారు. విద్యుత్తు ఇస్తే అవే కంపిస్తాయి. ఆ కంపనాన్ని లోహం గుండా పంపి తప్పులు పట్టవచ్చని 1928 ప్రాంతంలో రష్యాలో సొకొలోవ్ చెప్పాడు. చిక్కేమిటంటే, ధ్వనిని ఒక పక్క పంపి రెండో పక్క పట్టుకోవాలి. స్లీపరు మీద కూర్చున్న పట్టాకు రెండో పక్క ఎక్కడుంది?

మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ ఆ అవసరమే తీసేశాడు. పంపిన చోటే ప్రతిధ్వని కోసం ఆగాడు. 1940లో దరఖాస్తు పెడితే 1942లో పేటెంటు వచ్చింది. యుద్ధకాలపు గోప్యతలో బ్రిటన్‌లో డొనాల్డ్ స్ప్రౌల్ విడిగా ఇదే దారి పట్టాడు.

ఉక్కులో ధ్వని సెకనుకు దాదాపు 5,900 మీటర్లు పోతుంది. 172 మిల్లీమీటర్ల ఎత్తున్న, మీటరుకు 60 కిలోల రకం పట్టా అడుగు తాకి తిరిగి రావడానికి 58 మైక్రోసెకన్లు చాలు. అంతకు ముందే ఏదైనా పలికిందంటే మధ్యలో అడ్డముంది. పట్టా మీద నడిపే పరీక్ష ట్రాలీలో ధ్వనిని పంపి పట్టుకునే ప్రోబుల కింద నీళ్లు కారుతూ ఉండాలి. సన్నని గాలిపొర మిగిలినా ధ్వని ఉక్కులోకి దిగదు. నిలువు పగులు నిటారుగా దిగే ధ్వనికి చిక్కదు గనుక, 70 డిగ్రీల వాలుతో ఇంకో ప్రోబు.

ఇంత చేసినా పట్టా పాదం అంచులు చీకట్లోనే ఉంటాయి. పైనుంచి దిగిన ధ్వని నడుం గుండా సూటిగా పోతుంది, పక్కలకు మళ్లదు. తీరప్రాంతపు ఉప్పుగాలి తుప్పు పట్టించేదీ పట్టాను బిగించే చోట ఉండే లైనరు కింద, సరిగ్గా ఆ అంచుల్లోనే! అక్కడ పరికరం కన్నా, పట్టాల వెంట నడుస్తూ వంగి చూసే కీమ్యానే నయమని నా లెక్క. చూపు అందని చోటు ఎంత చేటు తెస్తుందో ఒక వంతెన చెప్పింది. 1967లో ఒహాయో నది మీద సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది పోయారు. మూలం ఒక ఉక్కు కడ్డీ కన్నంలోని చిన్న పగులు. కీలు విప్పితే తప్ప చూడలేని చోటది.

పెద్ద వంతెనల మీదా, వాటి చేరువలోనూ మన రైల్వే పరీక్ష మరింత కఠినం. బయట పట్టాలో ఒప్పుకునే సంకేతం ఇక్కడ చెల్లకపోవచ్చు. గమనిస్తే చాలనే లోపానికి ఎర్ర రంగుతో ఒక ఇంటూ గుర్తు, వెంటనే తీసేయాల్సినదానికి మూడు. మూడు పడ్డాయంటే బిగింపు పట్టీలు వేసేదాకా మనిషి కాపలా, మూడు రోజుల్లో కొత్త పట్టా. అప్పటిదాకా బండి వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు.