నడిచొచ్చినవాడి చెమట

ఉగాదికి పది రోజుల ముందు నుంచే కర్నూలు, ఆత్మకూరు రోడ్ల వెంట కన్నడం వినిపిస్తుంది. బాగలకోట, విజయపుర, బెళగావి, రాయచూరు వైపుల నుంచి భక్తులు గుంపులు గుంపులుగా శ్రీశైలం నడిచిపోతుంటారు. అక్కడి అమ్మవారు భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు. పుట్టింటి చీర, పసుపు కుంకుమ నడిచి వెళ్లే ఇవ్వాలన్నది వాళ్ల పట్టు. కొందరైతే కర్రకాళ్ల మీదే నడుస్తారు.

ఆత్మకూరు దాటాక వెంకటాపురం దగ్గర మైదానం అయిపోయి నల్లమల మొదలవుతుంది. అక్కడి నుంచి నాగలూటి, చెంచుగూడెం ఉన్న పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. ఇది పులుల అభయారణ్యం. శివరాత్రికి, ఉగాదికి తప్ప ఈ కాలిబాటన అందరినీ పోనివ్వరు.

ఇప్పుడు ఇదే బాట మీద ఇద్దరిని ఊహించండి. ఒకాయన బాగలకోట రైతు, అరవై దగ్గర పడ్డాయి, చెప్పుల్లేవు. రెండోవాడు హైదరాబాద్ బోరబండ కుర్రాడు. రోజంతా ఏసీ ఆఫీసులో పని, రాత్రి బస్సెక్కి తెల్లారి ఆత్మకూరులో దిగాడు, కాళ్లకు కొత్త షూ. వయసూ, షూ కుర్రాడి వైపే ఉన్నాయి. అయినా మధ్యాహ్నానికి ముందు నీరసపడేది అతనే కావచ్చు. కారణం కండల్లో లేదు, చెమటలో ఉంది.

65 కిలోల మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో నడిస్తే ఒంట్లో దాదాపు 300 వాట్ల వేడి పుడుతుంది. చదును నేల మీద నడకలో ఆ శక్తి దాదాపు అంతా వేడిగానే తేలుతుంది. మార్చి చివర్లో కర్నూలు ప్రాంతంలో ఎండ 37, 38 డిగ్రీలకు చేరుతుంది. చర్మం ఉండేది 35 డిగ్రీల దగ్గర. అంటే గాలి ఒంటిని చల్లబరచడం మాని, తనే వేడి ఎక్కిస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. లీటరు చెమట ఆరితే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. ఆ లెక్కన నడక వేడికే గంటకు అర లీటరు దగ్గర కావాలి. పైనుంచి ఎండ, కింద నుంచి నల్లరేగడి సెగ కలిస్తే ఇంకా ఎక్కువ. ఈ రోజుల్లో ఈ మైదానపు గాలి పొడిది. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది కాబట్టి చొక్కా తడవదు, ఎంత నీరు పోయిందో తెలియదు. అసలు మోసం అక్కడే ఉంది.

రైతు ఒళ్లు ఈ లెక్కను వారం రోజులుగా సరిచేసుకుంటూ వచ్చింది. రోజూ ఎండలో నడిస్తే మొదటి నాలుగైదు రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, గుండె అంత వేగంగా కొట్టుకోనక్కర్లేదు. చెమట ముందుగానే మొదలవుతుంది, ఎక్కువగా పోస్తుంది. ఆల్డోస్టెరాన్ అనే హార్మోను పనిచేసి చెమటలోంచి ఉప్పును వెనక్కి లాగుతుంది. పది, పద్నాలుగు రోజులకు ఈ అలవాటు దాదాపు పూర్తవుతుంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల వాళ్లు 1930లలోనే దీన్ని వాడుకున్నారు. వేడి లోతుల్లోకి దిగే కొత్త కూలీలు వడదెబ్బకు చనిపోతుంటే, ముందు వాళ్లను కొద్దికొద్దిగా వేడిలో పనికి అలవాటు చేసి అప్పుడు దింపారు.

కుర్రాడి చెమట ఆలస్యంగా మొదలవుతుంది, ఉప్పుగా ఉంటుంది. దాహానికి వట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతి, ముదిరితే తెలివి తప్పడం దాకా వెళ్తుంది. దారిలో దాతలు పోసే ఉప్పు మజ్జిగ మర్యాదకు పుచ్చుకునేది కాదు, మందు లాంటిది.

కొండెక్కితే చల్లబడుతుంది కదా అంటారు. ఎత్తుతో పాటు కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గే మాట నిజమే. అమెరికాలో మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా సాగే 4,265 కిలోమీటర్ల పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్‌లో ఇది బాగా తెలుస్తుంది. మొదటి 1,100 కిలోమీటర్లు ఎక్కువగా ఎడారిదారి. ఆ తర్వాత సియెర్రా నెవాడా ఎక్కి 4,009 మీటర్ల ఫారెస్టర్ కనుమ చేరేసరికి మంచు మీద నడుస్తారు. మన దారిలో మైదానానికీ శ్రీశైలానికీ నికరంగా తేడా 200 మీటర్లకు అటూ ఇటూ. తగ్గేది డిగ్రీన్నర కూడా కాదు. చల్లదనం ఏమైనా దొరికితే అది చెట్టు నీడది. కానీ నల్లమల ఆకురాల్చే అడవి, ఉగాది నాటికి చాలా కొమ్మలు బోసిగా ఉంటాయి. లోయల్లో గాలి ఆడదు, మైదానంలో ఇట్టే ఆరిన చెమట ఇక్కడ కారిపోతుంది. కారిన చెమట ఒంటిని చల్లబరచదు.

ఎక్కడం మీద భయం మాత్రం కాస్త అతి. 70 కిలోల బరువుతో 200 మీటర్లు ఎక్కడానికి అయ్యే అదనపు శక్తి 130 కేలరీలు, మూడు ఇడ్లీల పాటి. దెబ్బ తీసేది దిగడం. శ్రీశైలానికి మెట్లు కట్టించిన పేరు 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డిది. భీముని కొలను లోయలోకి అలాంటి రాతిమెట్ల మీదే దిగి, మళ్లీ కైలాసద్వారానికి ఎక్కాలి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బిగుసుకుని బరువును ఆపుతుంది, పోగులు సన్నగా చిట్లుతాయి. నొప్పి ఆ రోజు కాదు, మర్నాడు, మూడోనాడు ముదురుతుంది.

బోరబండలో ఉండీ సిద్ధం కావచ్చు. రెండు వారాల ముందు నుంచి రోజూ ఓ గంట వెచ్చటి పూట నడవాలి. మొదట పావుగంటతో మొదలెట్టి పెంచుకోవాలి. మెట్లు ఎక్కడం కన్నా దిగడం ఎక్కువ సాధన చేయాలి. గుండె జబ్బు, బీపీ మందులు ఉంటే ముందు డాక్టరును అడగాలి. ఈ అలవాటు ఒంట్లో నిలిచేది మాత్రం మూడు, నాలుగు వారాలే. ఫిబ్రవరి చల్లదనంలో శివరాత్రికి నడిచొచ్చిన వాళ్లు కూడా ఉగాదికి మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాల్సిందే.