చేరినవారూ చేరనివారూ

నెల్లూరులో 1840లో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్ కావలి ప్రాంతంలోనూ వేళ్లూనింది. పసిబిడ్డలకు కాక, విశ్వసించి అడిగినవారికే బాప్తిస్మం ఇవ్వాలన్నది బాప్టిస్టుల నమ్మకం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంగా ఏకమైనప్పుడు బాప్టిస్టులు చేరలేదు. చేరినవారి మధ్యా భేదాలు తక్కువేం కావు. బిషప్పు చేతులుంచి అభిషేకించని పాదిరి అసలు పాదిరేనా అన్న ప్రశ్న మీదే ఏళ్లు గడిచాయి. 1919లో తరంగంబాడిలో దోర్నకల్ బిషప్ అజరయ్య తదితరులు మొదలుపెట్టిన ఐక్యతా చర్చ తేలడానికి 28 ఏళ్లు పట్టింది. చివరికి పాత పాదిరులకు మళ్లీ అభిషేకం అక్కర్లేదన్నారు. మనస్సాక్షి ఒప్పని పాదిరిని ఏ సంఘం మీదా రుద్దబోమని మాట ఇచ్చారు.

ఇలా ఏకమవడం సత్యంతో రాజీ పడటమేనని కొందరంటారు. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టేయలేం; అన్నీ ఒకటే అనుకుంటే విశ్వాసానికి అర్థమే ఉండదు. కానీ అక్కడ ఎవరూ తమ నమ్మకాన్ని దాచుకోలేదు. ప్రాణప్రదమైనదేదో, ఓర్చుకోగలిగినదేదో విడదీసి చూశారు. దూరంగా నిలిచిన బాప్టిస్టులదీ మనస్సాక్షే. కలిసినవారు ఓపికతో, కలవనివారు ద్వేషం లేకుండా మెలగడమే నిజమైన ఐక్యత.