ఇర్లెన్ సిండ్రోమ్

పుస్తకం తెరవగానే అక్షరాలు కదులుతున్నట్టు, వరుసలు కలిసిపోతున్నట్టు అనిపించడం. తెల్ల కాగితం కళ్లకు మిరుమిట్లు గొలపడం. కాసేపు చదివితే తలనొప్పి రావడం. చూపు బాగానే ఉన్నా ఎదురయ్యే ఈ ఇబ్బందులకు పెట్టిన పేరు ఇర్లెన్ సిండ్రోమ్. లోపం కంటిలో కాదని, కన్ను పంపిన సమాచారాన్ని మెదడు గ్రహించే తీరులో ఉందని దీన్ని సమర్థించేవారి వాదన.

1980లో న్యూజిలాండ్ ఉపాధ్యాయురాలు ఆలివ్ మీర్స్ ఈ లక్షణాలను వివరించారు. 1983లో అమెరికా మనస్తత్వ నిపుణురాలు హెలెన్ ఇర్లెన్ వీటిని ఒక సమస్యగా ప్రతిపాదించారు. పేజీపై పారదర్శకమైన రంగు షీటు పరచడం, రంగు కళ్లజోడు పెట్టుకోవడం ఆమె చూపిన పరిష్కారాలు.

అయితే వైద్యరంగం దీన్ని అంగీకరించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో గానీ, మానసిక వైద్యులు ప్రామాణికంగా భావించే డీఎస్ఎం-5 అనే గ్రంథంలో గానీ దీనికి చోటు లేదు. రంగు అద్దాలతో చదువు మెరుగుపడుతుందనడానికి శాస్త్రీయ ఆధారాలు లేవని 2009లో అమెరికా పిల్లల వైద్యులు, నేత్రవైద్యుల సంఘాలు సంయుక్తంగా ప్రకటించాయి. కొందరు మాత్రం రంగు షీటుతో చదవడం హాయిగా ఉందంటారు.

చదవడంలో ఇబ్బంది కలిగించే డిస్‌లెక్సియా ఇర్లెన్ సిండ్రోమ్‌కు భిన్నం. అది ప్రధానంగా భాషా ధ్వనులను అక్షరాలతో జోడించడంలో వచ్చే ఇబ్బంది. నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్లో భాగంగా మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది.

పిల్లలు చదవడానికి అవస్థ పడుతుంటే ముందు కంటి పరీక్ష, ఆపై అభ్యసన వైకల్యాల పరీక్ష చేయించాలి. ఖరీదైన రంగు అద్దాల సంగతి ఆ తర్వాతే.