గొంతులో కళ్లె ఎందుకు కదలదు?

జలుబు లేదు, జ్వరం లేదు. గొంతులో మాత్రం కళ్లె అడ్డుపడినట్టే ఉంటుంది. కాండ్రించినా రాదు, మింగినా దిగదు. నీళ్లు దండిగా తాగితే పోతుందా? పాఠకులు తరచూ అడిగే ప్రశ్న ఇది. గమనించి అడిగారో లేదోగానీ, నీళ్ల మాట ఎత్తి అసలు సంగతినే ముట్టుకున్నారు.

కళ్లె ఉండటం రోగం కాదు. ముక్కు, శ్వాసనాళాలు నిత్యం దాన్ని తయారుచేస్తాయి. అందులో దుమ్మూ క్రిములూ చిక్కుకుంటాయి. కణాల మీది సూక్ష్మ కేశాలు సెకనుకు పది పదిహేను సార్లు ఊగుతూ దాన్ని గొంతుకు చేరవేస్తాయి. మనకు తెలియకుండానే మింగేస్తాం. అందులో నూటికి 97 పాళ్లు నీరే. జిగురంతా మ్యూసిన్లనే పొడవాటి అణువులది.

ఈ జిగురు విషయంలో మహామహులే పొరబడ్డారు. అది మెదడు నుంచి ముక్కులోకి కారుతుందని గ్రీకు వైద్యుడు గేలెన్ చెబితే యూరప్ దాదాపు పదిహేను వందల ఏళ్లు నమ్మింది. అలాంటి దారే లేదని, దాన్ని తయారుచేసేది ముక్కు లోపలి పొరేనని 1660లలో విట్టెన్‌బర్గ్ ఆచార్యుడు కాన్రాడ్ విక్టర్ ష్నైడర్ తేల్చాడు.

రెండో పొరపాటు ఇంకా రుచికరం. పైన జిగురు, కింద పలచటి నీటి పొర, ఆ నీటిలో ఊగే కేశాలు: 1934లో లూకాస్, డగ్లస్ గీసిన ఈ బొమ్మనే పాఠ్యపుస్తకాలు వేసుకుంటూ వచ్చాయి. మరి పైజిగురు కింది నీటిలో ఎందుకు కలిసిపోదు? బొమ్మలో జవాబు లేదు. 2012లో అమెరికాలోని చాపెల్ హిల్ పరిశోధకుడు బ్రయాన్ బటన్ బృందం చెప్పింది: కింద ఉన్నది ఉత్త నీరు కాదు, కేశాలకు అతుక్కుని ఒత్తుగా నిలిచిన మ్యూసిన్ల బ్రష్షు. రకరకాల పరిమాణాల మెరిసే అణువులను వదిలితే చిన్నవి లోపలికి దూరాయి, పెద్దవి బయటే ఆగిపోయాయి.

తగవంతా ఇక్కడే. ఒకే చెరువు మీద బతికే రెండు ఊళ్లలా బ్రష్షూ కళ్లే నీటి కోసం గుంజులాడతాయి. మామూలుగా బ్రష్షుదే పైచేయి. కళ్లె చిక్కబడి ఒక హద్దు దాటిందా, బ్రష్షులోని నీటినే లాగేసుకుంటుంది. బ్రష్షు నలుగుతుంది, కేశాలు అణిగిపోతాయి, కళ్లె అక్కడే అతుక్కుంటుంది. ఇది శ్వాసనాళాల కథ. నోటి వెనక గొంతు గోడకైతే కేశాలే ఉండవు. అక్కడికి చేరిన చిక్కటి కళ్లెను మింగుడే దించాలి.

మరి బిందెడు నీళ్లు తాగితే? ఒంట్లో నీరు చాలినంత ఉన్నవాళ్లకు అదనంగా ఒరిగేది తక్కువే. నాళాల మీద ఎంత నీరు నిలవాలో తేల్చేది కణాలు అటూఇటూ పంపే ఉప్పు. ఆ ఉప్పు రవాణా పుట్టుకతోనే దెబ్బతిని కళ్లె చిక్కబడే జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్. ఆ రోగుల్లో సముద్రంలో సర్ఫింగ్ చేసేవాళ్లు కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకుంటున్నారని సిడ్నీలో గమనించారు. ఆ రోగులచేత చిక్కటి ఉప్పునీటి తుంపరలు పీల్పించిన పరీక్షల ఫలితాలు 2006లో వచ్చాయి: మేలే జరిగింది.

పాలు, పెరుగు మానమని ఇంట్లో పోరుపెట్టేవాళ్లకో మాట. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 60 మందికి జలుబు వైరస్ ఎక్కించి చూశారు. పాలు ఎక్కువ తాగినవాళ్లకు చీమిడి ఎక్కువేమీ రాలేదు. యాసిడ్ మాత్రల మోజూ అంతే. బ్రిటన్‌లో 346 మందిపై జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో, వదలని గొంతు బాధలకు లాన్సోప్రజోల్ అనే యాసిడ్ మాత్ర ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగనిపించుకోలేదు.

ఇక చిట్కాలంటారా, అవి కాసిన్నే. మాటిమాటికీ కాండ్రిస్తే గొంతు ఒరుసుకుపోయి కళ్లె ఇంకా ఊరుతుంది; గుక్కెడు నీళ్లతో మింగేయడం నయం. పొగ మానాలి. అలర్జీ, సైనస్ ఉంటే వాటికే వైద్యం. ముక్కును నీటితో కడిగే జలనేతికి మరిగించి చల్లార్చిన నీళ్లే వాడాలి; పచ్చినీళ్లలో మెదడుకు పాకే అమీబా ఉండొచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష, కళ్లెలో రక్తం పడినా మింగుడు కష్టమైనా ఆలస్యం చేయకుండా డాక్టర్.