సరిహద్దు నుండి ఇంటికి

పశ్చిమ గోదావరి జిల్లా మాధవరము నుండి తరతరములుగా యువకులు సైన్యమునకు పోవుచున్నారు. ‘మిలిటరీ మాధవరము’ అని ఆ యూరికి పేరు. అట్టి యూళ్లలో జవాను సెలవుపై వచ్చిన దినము పండుగ వంటిది. ఆ పండుగ ముగిసిన పిమ్మట భార్యాభర్తల కెదురగు చిక్కులను గూర్చి మాటలాడువారు తక్కువ. వానినే మనమిప్పుడు విచారింతము.

1984 నుండి మన సైన్యము కాచుచున్న సియాచిన్ వంటి తావులలో కుటుంబమును వెంట నుంచుకొనుటకు వీలులేదు. భర్త అచ్చట నుండు కాలమున ఇంటి భారమంతయు భార్యపై పడును. కౌలు సొమ్ము రాబట్టుట, బ్యాంకు పని, బిడ్డల చదువు, అత్తమామల మందులు, అన్నియు నామెయే చక్కబెట్టును. మొదట భయపడినను క్రమముగా ఆరితేరును. భర్త మాత్రము తాను విడిచి వెళ్లిన ఇంటినే తలంపులో నుంచుకొని తిరిగి వచ్చును. ఆ యిల్లు మారినది, అతడును మారినాడు. తగవులకు మూలమిదియే.

అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు రూబెన్ హిల్, రెండవ ప్రపంచయుద్ధమున ఎడబాటు చవిచూచిన అయోవా రాష్ట్రపు 135 కుటుంబములను పరిశీలించి, 1949లో గ్రంథము ప్రకటించెను. భర్త లేని లోటును బొత్తిగా పూడ్చుకొన్న కుటుంబములు ఎడబాటును బాగుగ దాటినను, అతడు వచ్చినపుడు చోటీయలేక ఇబ్బంది పడినవని అందు తేలినది.

కావున వచ్చినంతనే లెక్కలడిగి ఏర్పాట్లు మార్చుట భర్తకు తగదు. కొన్నాళ్లు చూచుచు, వినుచు నుండవలెను. భార్యయు “ఇవి మీకు తెలియవులెండి” అనక, ఒక్కొక్క పనినే అతనికప్పగింపవలెను. పసిబిడ్డ తండ్రిని చూచి తల్లి కొంగుచాటున దాగినచో నొచ్చుకొనరాదు, బలవంతముగ నెత్తుకొనరాదు. చిన్న చప్పుడుకే ఉలికిపడుట, మౌనముగ నుండుట సాధారణముగా కొన్ని వారములలో తగ్గును. నెల దాటినను నిద్రపట్టనిచో, కోపము పట్టు తప్పినచో, మద్యమున మఱపు వెదకుచున్నచో వైద్యుని చూడవలెను. అది పిరికితనము కాదు. సైనిక కుటుంబములకు తోడ్పడుటకై 1966లోనే సైనిక భార్యల సంక్షేమ సంఘము ఏర్పడినది.

రెగ్యులర్ జవానుకు వార్షిక సెలవు 60 దినములు. అగ్నివీరునకు 30 దినములే. మరల వీడ్కోలు చెప్పుటకు ముందే ఇరువురును కూర్చుండి, ఏ పని ఎవరిదో, ఏ విషయము జాబులో గాని ఫోనులో గాని తెలుపవలెనో నిశ్చయించుకొనిన మేలు. మరుసటి రాకకు సగము సన్నాహము అప్పుడే పూర్తియగును.