గృహ ఆర్‌.ఓ. ఫిల్టర్లు త్వరగా పాడవడానికి కారణాలు
బోరునీటిని వాడే ఇళ్లలో ఆర్‌.ఓ. మెంబ్రేన్ గడువుకు ముందే పాడైతే, ఖరీదైన కొత్తది బిగించే ముందు పాత ఫిల్టర్లను విప్పి పరిశీలించాలి. టి.డి.ఎస్‌. మీటరు ఇనుమును, కఠినత్వాన్ని విడిగా చూపదు. వాటికి నీటి పరీక్ష అవసరం.

సెడిమెంట్ ఫిల్టర్ తుప్పురంగుకు మారితే ఇనుమును అనుమానించాలి. బోరులో కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి ఆక్సీకరణం చెంది మడ్డిగా మారుతుంది. నీటిని ధారగా తొట్టిలోకి వదిలి, తేరిన తరువాత వాడితే ఫిల్టరుపై భారం తగ్గుతుంది.

మెంబ్రేన్‌పై తెల్లని పొలుసు కఠినత్వానికి సూచన. తాగునీటికి ఐ.ఎస్‌. 10500 సూచించిన ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 200 మి.గ్రా. నీటిని ఆదా చేయాలని వ్యర్థజలపు ప్రవాహాన్ని బిగించడం సదుద్దేశమే. కాని లవణాలు లోపలే చిక్కబడి పొలుసు మరింత వేగంగా పేరుకుంటుంది.

క్లోరిన్ కలిపిన కుళాయి నీరైతే కార్బన్ ఫిల్టరును సకాలంలో మార్చాలి. పాలిఅమైడ్ పొరకు క్లోరిన్ కలిగించిన నష్టాన్ని శుభ్రపరచి సరిచేయలేము.