నాణేనికి మార్కులు... సేకర్తకి ర్యాంకు!

1950 నవంబరులో అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి చెందిన లూయీ ఇలియాస్‌బర్గ్ అనే బ్యాంకరు ఒక పది సెంట్ల నాణెం కొన్నాడు. 1873లో కార్సన్ సిటీ మింట్‌లో అచ్చయిన డైమ్ అది. ఆ రకంలో లోకం మొత్తమ్మీద మిగిలింది ఆ ఒక్కటే. అది చేతికి రావడంతో అమెరికా అప్పటిదాకా విడుదల చేసిన నాణేలన్నీ, విలువల వారీగా, సంవత్సరాల వారీగా, మింట్‌ల వారీగా ఆయన దగ్గర పోగయ్యాయి. 1942లో క్లాప్ కుటుంబం సేకరణను లక్ష డాలర్లకు గుత్తగా కొన్నప్పటి నుంచి పరుగందుకున్న యజ్ఞం అది. 1953లో ‘లైఫ్’ పత్రిక ఆ సేకరణ గురించి రాస్తే దేశం నలుమూలల నుంచీ ఆయనకు ఉత్తరాలు వచ్చిపడ్డాయి.

ఆ రోజుల్లో సేకర్తను అడిగే ప్రశ్న ఒక్కటే: ‘నీ దగ్గర ఉందా, లేదా?’ ఇప్పుడు అది చాలదు. ‘ఉంటే ఎన్ని మార్కులది? నీకంటే మంచిది ఇంకెవరి దగ్గరైనా ఉందా?’ అని అడుగుతున్నారు. యూటా రాష్ట్రానికి చెందిన వ్యాపారి డెల్ లాయ్ హాన్సెన్ కొన్నేళ్లుగా ఇలియాస్‌బర్గ్ సేకరణను అందుకోవాలని, వీలైతే దాటాలని కోట్లు కుమ్మరిస్తున్నాడు. తేడా ఏమిటంటే, ఆయన కొన్న నాణేలు ఏ గ్రేడువో, ఏ వరుసలో ఆయన ఎన్నో స్థానంలో ఉన్నాడో ఇంటర్నెట్టు ఉన్న ఎవరైనా చూడొచ్చు. ఆ పట్టికలనే రిజిస్ట్రీ అంటున్నారు. నాణేల సేకరణను పోటీ పరీక్షగా మార్చేసింది ఇదే.

ఒకటి నుంచి డెబ్భై దాకా

మార్కులు వందకు కాదు, డెబ్భైకి. ఈ లెక్క పెట్టినవాడు విలియం షెల్డన్. వృత్తిరీత్యా మనస్తత్వ శాస్త్రవేత్త. మనిషి ఒంటి తీరుకీ స్వభావానికీ ముడిపెట్టిన సిద్ధాంతంతో పేరు తెచ్చుకున్నాడు. అమెరికా తొలినాళ్ల పెద్ద రాగి సెంట్లంటే ఆయనకు ప్రాణం. 1949లో వాటిపై రాసిన పుస్తకంలో ఒక సూత్రం చెప్పాడు. బాగా అరిగిపోయి, పోల్చుకోవడానికి మాత్రమే వీలున్న 1794 నాటి సెంటు ఒక డాలరు చేస్తే, మచ్చలేనిది డెబ్భై డాలర్లు చేస్తుందన్నాడు. అంటే ఆ అంకె మొదట్లో నాణ్యతకే కాదు, ధరకూ కొలతే. ధరలు మారిపోయాయి, సూత్రం చెల్లకుండా పోయింది, అంకెలు మాత్రం నిలిచిపోయాయి. అదే షెల్డన్ అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భాండాగారంలోని మంచి సెంట్లు తీసుకుని, వాటి స్థానంలో నాసిరకం పెట్టాడని ఆయన పోయాక బయటపడింది. నాణేల లోకం ఇవాళ్టికీ ఆయన కొలబద్దనే వాడుతోంది. ఆ దొంగతనాన్ని కూడా మరిచిపోకుండా చెప్పుకోవడమే న్యాయం.

గ్రేడింగును వ్యాపారంగా నిలబెట్టినవి రెండు సంస్థలు. కాలిఫోర్నియాలో 1986లో పని మొదలుపెట్టిన పీసీజీఎస్ ఒకటి, 1987లో వచ్చిన ఎన్జీసీ మరొకటి. నాణెం ఎవరిదో తెలియకుండా ఒకరికి మించిన నిపుణులు విడివిడిగా చూస్తారు. అసలుదో నకిలీదో తేలుస్తారు. అరుగుదల, గీతలు, అచ్చు పడిన తీరు, తళుకు, చూపుకి ఆనే అందం బేరీజు వేసి అంకె ఇస్తారు. తర్వాత గట్టి ప్లాస్టిక్ పెట్టెలో శాశ్వతంగా బిగించేస్తారు. దాన్నే సేకర్తలు స్లాబ్ అంటారు. వాడుకలో తిరిగిన నాణేలకు 58 దాకా, చేతులు మారనివాటికి 60 నుంచి 70 దాకా ఇస్తారు. అయిదు రెట్లు పెద్దది చేసి చూసినా మింట్ దాటాక తగిలిన లోపం ఒక్కటీ కనపడకపోతేనే 70. 2010లో దీనికి ‘ప్లస్’ గ్రేడ్లు కూడా తోడయ్యాయి.

2000వ దశకం మొదట్లో ఈ రెండు సంస్థలూ రిజిస్ట్రీలను ఇంటర్నెట్టులోకి తెచ్చాయి. ఏదో ఒక వరుస ఎంచుకోవాలి. అందులోని ఒక్కో గడికీ నాణెం సంపాదించి, స్లాబు మీది నంబరు నమోదు చేస్తే పాయింట్లు పడతాయి. పీసీజీఎస్ పద్ధతిలో అరుదైన నాణేనికి బరువు ఎక్కువ, గ్రేడును దానితో హెచ్చవేసి సగటు తీస్తారు. ఎన్జీసీ అయితే ఒక్కో నాణేనికీ, ఒక్కో గ్రేడుకీ నేరుగా పాయింట్లు కట్టింది. ఏటా బహుమతులు ఉంటాయి. నగదు కాదు, గుర్తింపు. అయినా సేకర్తలు నిద్ర మానేస్తారు.

ఒక్క మార్కు తేడా

ఈ పోటీ ధరలను ఎటు నడిపిందో చూడాలంటే లింకన్ బొమ్మ ఉన్న ఒక్క సెంటు నాణేలే చాలు. 1958లో మూస తయారీలో జరిగిన పొరపాటుతో అక్షరాలు జంటగా పడిన సెంట్లు మూడే తెలుసు. వాటిలో 65 గ్రేడు తెచ్చుకున్నది 2023 జనవరి వేలంలో 11,36,250 డాలర్లు పలికింది. ఏళ్ల తరబడి లింకన్ సెంట్ల రిజిస్ట్రీలో మొదటి స్థానంలో నిలిచిన సేకరణలోది అది. నిజంగా మూడే ఉన్నాయి గనక ఆ ధరకు అర్థముంది.

అసలు ఆలోచించాల్సింది మరో రకం గురించి. కోట్లలో అచ్చయిన మామూలు సెంటు 65లో కొద్ది డాలర్లకే దొరుకుతుంది. 68కో 69కో వెళ్లేసరికి వేలల్లో పలకొచ్చు. కారణం: ఏ గ్రేడులో ఎన్ని నాణేలు తేలాయో సంస్థలే ‘పాపులేషన్ రిపోర్టు’ పేరుతో ప్రకటిస్తాయి. అందరికంటే పైన ఉన్న ఒకటీ రెండూ ‘టాప్ పాప్’. ర్యాంకు కావాలంటే అవే కావాలి. కానీ ఆ లెక్క నిలకడగా ఉండదు. ఇంకెవరో మరికొన్ని పంపితే రేపు టాప్ పాప్ పది కావచ్చు. స్లాబు పగలగొట్టి, ఈసారి ఒక మార్కు పెరుగుతుందేమోనని అదే నాణేన్ని మళ్లీ మళ్లీ పంపేవాళ్లున్నారు. పాత లేబులు తిరిగి ఇవ్వకపోతే ఒకే నాణెం రిపోర్టులో రెండుగా, మూడుగా నిలుస్తుంది. అరుదు అనుకుని కొన్నది అరుదు కాదు, ఎక్కువ అనుకున్నది నిజంగా ఎక్కువా కాదు.

ఈ అయోమయంలోంచే 2007లో సీఏసీ పుట్టింది. ఎన్జీసీని స్థాపించిన జాన్ అల్బనీజ్ దీన్నీ పెట్టాడు. స్లాబులో ఉన్న నాణేన్ని మరోసారి చూసి, ఇచ్చిన గ్రేడుకి నిజంగా తగినదైతే ఆకుపచ్చ స్టిక్కరు, అంతకు మించినదైతే బంగారు రంగు స్టిక్కరు అంటిస్తారు. మార్కుల మీద మార్కులు! అయినా దీని అవసరం నిజమైనదే. 64 అన్న అంకె కింద మంచి నాణెమూ ఉంటుంది, అంతంతమాత్రం నాణెమూ ఉంటుంది. చూపు పదును పెట్టుకోకుండా లేబులు చదివి కొనే సేకర్తకు ఈ పోటీ ఖరీదైన పాఠమే నేర్పుతుంది.

అలాగని రిజిస్ట్రీ చేసిన మేలు తక్కువేమీ కాదు. ఇనప్పెట్టెల్లో మగ్గిన నాణేల ఫొటోలు లోకం ముందుకొచ్చాయి. ఒక నాణెం ఏ సేకరణలోంచి ఏ వేలానికి, అక్కడి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో దారి తెలుస్తోంది. ‘ఏదో ఒకటి కొందాం’ అనుకునేవాడికి ఒక వరుస, ఒక క్రమశిక్షణ అలవడుతున్నాయి.

మన గడులు

తెలుగు సేకర్తకు ఇందులో చోటెక్కడ? మొదట గుర్తొచ్చేది చార్మినార్ రూపాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో చార్మినార్ నాణేల మీదికెక్కింది. ద్వారంలో ఆయన పేరులోని తొలి అక్షరం ‘మీమ్’ కనిపిస్తుంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ వచ్చాక అది ‘ఐన్’ అయింది. తొలి నాణేల మీద సగమే ఉన్న ఐన్, తర్వాతివాటి మీద నిండుగా ఉంటుంది. రూపాయి, ఎనిమిది అణాలు, నాలుగు అణాలు, రెండణాలు, కింద రాగి పైసలు, పైన బంగారు అష్రఫీ. హిజ్రీ సంవత్సరాల వారీగా పేరిస్తే ఇంతకంటే అందమైన వరుస మరొకటి దొరకదు.

అడ్డంకి చట్టం దగ్గర వస్తుంది. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. మామూలు పౌరుడు దాన్ని దేశం దాటించకూడదు, గ్రేడింగుకైనా సరే. కాబట్టి మహబూబ్ అలీఖాన్ రూపాయిని ఇక్కడి నుంచి అమెరికా పంపే దారి లేదు. అయిదో జార్జి అంగీ మీది ఏనుగు పందిలా కనిపించి గొడవై, వెనక్కి తీసుకుని కరిగించిన 1911 ‘పిగ్ రూపీ’కీ లేదు. ఆ రకం నాణెం ఎప్పుడో విదేశం చేరి, అక్కడే స్లాబులో ఉంటే తప్ప.

చట్టానికి ఇబ్బంది లేకుండా, మరీ ఖర్చు కాకుండా వరుస కట్టాలనుకునేవాళ్లకు ఆరో జార్జి రూపాయలు మంచి చోటు. 1938, 39ల్లో మేలిమి ఎక్కువున్న వెండి, 1940 నుంచి 45 దాకా సగమే వెండి, 1947లో పులి బొమ్మతో నికెల్ రూపాయి. చిన్న వరుస, అందులోనే ఒక ప్రపంచయుద్ధం చరిత్ర. 1939 బొంబాయి రూపాయి దొరకడం కష్టం, దొరికినా నకిలీ కావడానికే ఎక్కువ అవకాశం. గ్రేడింగు డబ్బుకు న్యాయం చేసేది ఇలాంటి చోటే. ఇంకా తేలిక కావాలంటే స్వతంత్ర భారత నాణేలున్నాయి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్ మింట్‌ది, వజ్రం ఉంటే ముంబయిది, చుక్క ఉంటే నోయిడాది, ఏమీ లేకపోతే కోల్‌కతాది. అయితే ఈ రూపాయలను ఎవరూ దాచలేదు కనుక, చిల్లర మూటల్లో రాసుకోకుండా మిగిలిన పాతవి వెతికితే గానీ దొరకవు.

గ్రేడింగు ఫీజు, రానుపోను కొరియరు, బీమా, కస్టమ్స్ కలిపితే ఖర్చు చాలాసార్లు నాణెం ధరను మించిపోతుంది. అందుకే అన్నీ పంపకూడదు. స్లాబులో ఉన్నది కొంటున్నా, దాని నంబరును సంస్థ వెబ్‌సైటులో కొట్టి ఫొటోతో సరిపోల్చుకోవాలి. నకిలీ నాణేలే కాదు, నకిలీ స్లాబులూ సంతలో ఉన్నాయి.

మన ఇళ్లలోని నాణేలకు అసలు గండం మరొకటి. లక్ష్మీపూజకు ముందు చింతపండుతోనో విభూతితోనో వెండి రూపాయలు తోమేస్తాం. హారానికి కొక్కెం అతికిస్తాం, గొలుసులోకి చిల్లు పెడతాం. భక్తి, ముద్దు రెండూ నిజమే. కానీ అచ్చుపడినప్పుడు లోహం పారిన తీరువల్ల వచ్చే తళుకు ఒకసారి తోమితే పోతుంది, మళ్లీ రాదు. గ్రేడరు దాన్ని పట్టుకుని అంకె బదులు ‘డీటెయిల్స్’ అని రాస్తాడు. అమ్మమ్మ పెట్టెలో ఆరో జార్జి రూపాయి కనిపిస్తే తోమకండి, గుడ్డతో రుద్దకండి. అంచులు పట్టుకుని చూసి, పీవీసీ లేని కవరులో ఉంచండి. పంపాలా వద్దా అన్నది తీరిగ్గా తేల్చుకోవచ్చు, కానీ ఎంతకాలమైనా కాదు. 1938 రూపాయికి 2038లో నూరేళ్లు నిండుతాయి. అప్పుడు దానికీ పురావస్తు చట్టమే వర్తిస్తుంది.